‘ఎక్కడున్నావ్?’ అని మెసేజ్ వస్తుంది... బండి నడుపుతూ జవాబు రాస్తే ఏమవుతుంది?

సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కు బండి మీద బయల్దేరిన పిల్లవాడికి దారిలో ఎక్కువసార్లు వచ్చే మెసేజ్ ఒక్కటే. ‘ఎక్కడున్నావ్?’ ఉర్దూ మాట్లాడే ఇంట్లోనైతే ‘కహాఁ హై బేటా?’ పంపేది అమ్మ, అక్క లేదా భార్య. వాళ్లకు కావాల్సింది ఒక్క మాట. ‘చిట్యాల’ అని రాస్తే చాలు, వాళ్ల గుండె కుదుటపడుతుంది. మూడే అక్షరాలు. ఆ మూడక్షరాల కోసం పిల్లవాడు ఎడమ చేత్తో జేబులోంచి ఫోన్ తీస్తాడు, లాక్ తెరుస్తాడు, వాట్సాప్‌లోకి వెళ్తాడు, టైప్ చేస్తాడు, తప్పు పడితే దిద్దుతాడు, పంపుతాడు. బండి మాత్రం ఆగదు.

బండి నడుపుతూ ఫోన్ చూడకూడదని తెలియనివాళ్లు ఎవరూ లేరు. కోదాడ బస్టాండ్ ముందు ఆటో నడిపే చాచా నుంచి మిర్యాలగూడ డిగ్రీ కాలేజీ కుర్రాడి దాకా అందరికీ తెలుసు. తెలిసి కూడా చూస్తారు. ఎందుకంటే ‘ఒక్క సెకనే కదా’ అనిపిస్తుంది. చిక్కంతా ఈ ‘ఒక్క సెకను’ లెక్కలోనే ఉంది. అది ఒక్క సెకను కాదు.

అమెరికాలోని వర్జీనియా టెక్ రవాణా పరిశోధన సంస్థ వాళ్లు లారీల్లో కెమెరాలు బిగించి, డ్రైవర్లు రోజూ ఎలా నడుపుతారో రికార్డు చేశారు. 2009లో ఫలితాలు బయటపెట్టారు. మెసేజ్ టైప్ చేస్తున్న డ్రైవర్ చూపు ప్రతి 6 సెకన్లలో 4.6 సెకన్లు రోడ్డు మీద లేదని తేలింది. ప్రమాదం జరగడం, లేదా వెంట్రుకవాసిలో తప్పడం అనే ముప్పు మామూలు కంటే 23 రెట్లు పెరిగింది. వాళ్లు పొట్టకూటి కోసం లారీ నడిపే అనుభవం ఉన్న డ్రైవర్లు, నిన్న మొన్న లైసెన్స్ తీసుకున్న పిల్లలు కారు. వాళ్ల పరిస్థితే అది.

ఆ 4.6 సెకన్లను మన రోడ్డు మీద మీటర్లలోకి మార్చి చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 22 మీటర్లు. 4.6 సెకన్లలో బండి 100 మీటర్లు దాటిపోతుంది. క్రికెట్ పిచ్ పొడవు సుమారు 20 మీటర్లు కాబట్టి, వరసగా ఐదు పిచ్‌లు కళ్లు మూసుకుని దాటినట్టు. గంటకు 60 మీద వెళ్తే 76 మీటర్లు, 40 మీదైతే 51 మీటర్లు. ‘మెల్లగానే పోతున్నా’ అనుకునేవాడు కూడా రెండున్నర పిచ్‌లు చూడకుండా దాటుతున్నాడు.

తలెత్తి చూడగానే ఎదురుగా లారీ వెనుక భాగం కనిపించిందనుకుందాం. అప్పుడు కూడా బండి వెంటనే ఆగదు. కనిపించినది ఏమిటో బుర్రకు అర్థమై కాలు బ్రేక్ మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుంది. 80 వేగంలో ఈలోపు 33 మీటర్లు పోతాయి. బ్రేక్ పడ్డాక, రోడ్డు పొడిగా ఉండి టైర్లు బాగుంటే మరో 35 మీటర్లు. అంటే చూసిన క్షణం నుంచి ఆగే దాకా దాదాపు 70 మీటర్లు కావాలి. రాత్రిపూట డిమ్ లైటులో బాగా కనిపించేది నలభై, యాభై మీటర్లే. రోడ్డు మీదే కళ్లు పెట్టి నడిపేవాడికే ఇది చాలడం లేదు. ఇక ఫోన్ చూసేవాడి సంగతి చెప్పేదేముంది.

మన మూడు ఊర్ల రోడ్లు

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిని ఇప్పుడు 65వ నంబర్ అంటున్నారు. పాత తరం ఇంకా ‘నైన్ హైవే’ అనే పిలుస్తుంది. సూర్యాపేట, కోదాడ రెండూ దీని మీదే ఉన్నాయి. నాలుగు లైన్ల రోడ్డు, మధ్యలో డివైడర్ ఉండటంతో నడిపేవాడికి ధైర్యం వస్తుంది. ఎదురుగా బండి రాదులే అన్న ధీమాతో ఫోన్ తీస్తాడు. కానీ ఈ రోడ్డు ఊళ్ల మధ్య నుంచి పోతుంది. దురాజ్‌పల్లి, ముకుందాపురం, మునగాల వంటి చోట్ల ఇల్లు ఒకవైపు, పొలం మరోవైపు ఉంటాయి. బర్లు దాటుతాయి, బడి పిల్లలు దాటుతారు, కూలీలను ఎక్కించుకున్న ఆటోలు సర్వీస్ రోడ్డు నుంచి ఒక్కసారిగా పైకి ఎక్కుతాయి. యూ టర్న్ దూరంగా ఉందని ట్రాక్టర్లు రాంగ్ రూట్‌లో వస్తాయి.

ఈ రోడ్డు చరిత్ర అందరికీ తెలిసిందే. 2014 డిసెంబర్ 6న నందమూరి జానకిరామ్ కారు మునగాల మండలం ఆకుపాముల దగ్గర ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన చనిపోయారు. 2024 ఏప్రిల్‌లో కోదాడ దగ్గర రోడ్డు మీద ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్ది ఆరుగురు పోయారు. ఈ రెండు ప్రమాదాలకూ ఫోన్ కారణమని ఎవరూ అనలేదు, మేమూ అనడం లేదు. చెప్పొచ్చేదేమిటంటే, ఈ రోడ్డు మీద లారీ ఆగి ఉండటం, ట్రాక్టర్ అడ్డం రావడం వింత కాదు. రోజూ జరిగేదే. అలాంటి చోట 100 మీటర్లు చూడకుండా దాటడం అంటే ఏమిటో ఎవరికి వాళ్లు ఆలోచించుకోవచ్చు.

మిర్యాలగూడ వైపు రోడ్ల తీరు వేరు. నార్కట్‌పల్లి నుంచి నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి మీదుగా అద్దంకి పోయే రోడ్డు ఒకటి. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వచ్చే రోడ్డు ఇంకొకటి. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. వానాకాలం పంట చేతికొచ్చే అక్టోబర్, నవంబర్‌లలో, మళ్లీ యాసంగి కోతలప్పుడు వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు కిలోమీటర్ల కొద్దీ బారులు తీరతాయి. చాలా ట్రాలీలకు వెనక లైటు ఉండదు, రేడియం స్టిక్కర్ ఉన్నా దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. ఊళ్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. మట్టపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీల లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. ఈ రోడ్ల మీద బైకువాడికి గుంతో, రాయో, వడ్ల కుప్పో ఏదో ఒకటి ఎదురవుతూనే ఉంటుంది. 50 వేగంలో మూడు సెకన్లు ఫోన్ చూస్తే 42 మీటర్లు పోయినట్టే. కారువాడికి చుట్టూ ఇనుప డొక్కు ఉంది, బైకువాడికి ఒంటి మీద చొక్కా మాత్రమే ఉంది.

జాన్‌పహాడ్ దర్గా ఉర్సు రోజుల్లో ఇదంతా ఇంకా ఎక్కువ. జనవరిలో హిందువులు, ముస్లింలు అనే తేడా లేకుండా పాలకవీడు మండలంలోని ఆ దర్గాకు వేల మంది ట్రాక్టర్లలో, ఆటోల్లో, బైకుల మీద వస్తారు. ముందు వెళ్లిన బండి వాళ్లు ‘మీరు ఎంత దూరం వచ్చారు’ అని అడుగుతూనే ఉంటారు. రంజాన్‌లోనూ అంతే. ఇఫ్తార్‌కు పది నిమిషాలు ఉందనగా రోడ్డు మీద ఉన్నవాడి ఫోన్ ఆగకుండా మోగుతుంది. రోజంతా నీళ్లు ముట్టని మనిషి, సాయంత్రపు మసక వెలుతురు, ఇంటికి చేరాలన్న తొందర. వీటికి ఫోన్ కూడా తోడైతే ఏం మిగులుతుంది?

కన్ను చూస్తుంది, బుర్ర చూడదు

‘నేను ఫోన్ వైపు చూడను భాయ్, బ్లూటూత్‌లో మాట్లాడతా’ అని చాలామంది అంటారు. టైప్ చేయడం కంటే అది నయమే, కాదనం. చేతులు హ్యాండిల్ మీద ఉంటాయి, కళ్లు ముందుకు ఉంటాయి. కానీ నడపడానికి కావాల్సినవి చేతులు, కళ్లు మాత్రమే కాదు.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేశారు. ఫోన్‌లో మాట్లాడుతూ నడిపేవాళ్లు ఎదుటి వస్తువు వైపు కళ్లు తిప్పి చూసినా, అది వాళ్ల బుర్రకు ఎక్కదని ఆయన బృందం చూపించింది. పరధ్యానంలో ఉన్నప్పుడు మన ముందు నుంచి చుట్టం నడిచిపోయినా గుర్తుపట్టం చూడండి, అలాంటిదే. 2006లో అదే బృందం ఫోన్ మాట్లాడే డ్రైవర్లను, మద్యం తాగిన డ్రైవర్లను పోల్చి చూసింది. ఫోన్ చేతిలో ఉన్నా, చెవికి తగిలించుకున్నా, వాళ్ల తీరు తాగి నడిపేవాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతుంది. ఫోన్ వాడుతూ నడిపేవాళ్లకు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు 4 రెట్లు ఎక్కువ, హ్యాండ్స్ ఫ్రీ వాడినంత మాత్రాన పెద్ద భద్రత ఏమీ రాదు అని.

మద్యం హరామ్ అని ముట్టని మనిషి, తాగినవాడితో సమానంగా బండి నడుపుతున్నాడంటే వినడానికి కష్టంగానే ఉంటుంది. కానీ లెక్క అదే చెబుతోంది.

పక్క సీట్లో కూర్చుని మాట్లాడేవాళ్లకూ, ఫోన్‌లో మాట్లాడేవాళ్లకూ తేడా ఏమిటని ఎవరైనా అడగొచ్చు. పక్కన ఉన్నవాళ్లకు రోడ్డు కనిపిస్తుంది. లారీ అడ్డం వస్తే మాట ఆపేస్తారు, ‘అరే దేఖ్’ అని అరుస్తారు. ఫోన్ అవతల ఉన్నవాళ్లకు అదేమీ తెలియదు. గొడవ పడుతూనే ఉంటారు, లెక్కలు అడుగుతూనే ఉంటారు.

వాయిస్ మెసేజ్ కూడా ఇలాంటిదే. బటన్ పట్టుకుని మాట్లాడాలి, వదిలేస్తే పోతుంది, సరిగ్గా వెళ్లిందో లేదో మళ్లీ చూడాలి. బైకు మీదైతే ఒక చెయ్యి హ్యాండిల్ వదిలేసినట్టే. ఇక హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఫోన్ ఇరికించుకుని మెడ వంచి నడిపేవాళ్లను చూస్తే, ఆ హెల్మెట్ పెట్టుకున్నది తల కోసమా, ఫోన్ కోసమా అనిపిస్తుంది.

కాగితం మీద కనిపించని కారణం

ఫోన్ వల్ల మన దగ్గర ఎంతమంది పోతున్నారు? కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2021లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,53,972 మంది చనిపోయారు. అందులో ఫోన్ వాడకం కారణమని రాసినవి 1,997 ప్రమాదాలు, 1,040 మరణాలు. అంటే నూరింటికి ఒకటి కూడా లేదు. ఇది చూసి ‘ఫోన్ వల్ల పెద్దగా ఏం కావడం లేదు’ అనుకుంటే పొరపాటే.

ప్రమాదం జరిగాక పోలీసులు వచ్చేసరికి ఫోన్ ఎక్కడో తుప్పల్లో పగిలి పడి ఉంటుంది. నడిపినవాడు పోతే చెప్పేవాడు లేడు, బతికితే చెప్పడు. ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అన్న మామూలు మాటే పడుతుంది. ఆ అజాగ్రత్త లోపల ఏముందో ఎవరూ రాయరు. టైర్ల గుర్తులు రోడ్డు మీద మిగులుతాయి గానీ, సగం టైప్ చేసి ఆగిపోయిన మెసేజ్ గురించి రోడ్డు ఏమీ చెప్పదు.

చెప్పేవాళ్లు మిగిలితే ఎలా ఉంటుందో 2014 జులై 24న తెలిసింది. అప్పటి మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూల్ బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పద్నాలుగు మందికి పైగా పిల్లలు చనిపోయారు. డ్రైవర్ కూడా పోయాడు. ఆ సమయంలో అతను ఫోన్‌లో ఉన్నాడని ప్రాణాలతో బయటపడ్డ పిల్లలు చెప్పినట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది. ఆ పిల్లలు చెప్పకపోతే అది ‘కాపలా లేని గేటు దగ్గర ప్రమాదం’ అనే పేరుతోనే మిగిలేది. తర్వాత రైల్వే శాఖ బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లన్నీ తీసేసింది. డ్రైవర్ జేబులో ఫోన్ మాత్రం అలాగే ఉంది.

దృష్టి మరలడానికి ఫోనే అక్కర్లేదనడానికి మన రోడ్డు మీదే ఇంకో ఉదాహరణ ఉంది. 2018 ఆగస్టు 29 పొద్దున్నే నందమూరి హరికృష్ణ స్వయంగా కారు నడుపుతూ హైదరాబాద్ నుంచి నెల్లూరు జిల్లా కావలిలో ఒక పెళ్లికి బయల్దేరారు. నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద కారు డివైడర్‌ను ఢీకొట్టి పల్టీ కొట్టింది. నీళ్ల సీసా కోసం పక్కకు తిరిగారని కారులో ఉన్నవాళ్లు చెప్పినట్టు వార్తలు వచ్చాయి. సీటు బెల్టు పెట్టుకోలేదని కూడా. ఎన్నో ఏళ్లుగా స్టీరింగ్ పట్టిన మనిషి ఆయన. నీళ్ల సీసా అందుకోవడానికి పట్టే సమయం కంటే వాట్సాప్‌లో ‘ఓకే’ రాయడానికి పట్టే సమయమే ఎక్కువ.

పట్టుబడితే, ప్రాణం పోతే

చట్టం సంగతికి వద్దాం. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు, ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ 184 ప్రకారం చేతిలో ఫోన్ పట్టుకుని నడపడం ‘ప్రమాదకరమైన డ్రైవింగ్’ కిందికి వస్తుంది. మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 10,000 జరిమానా, లేదా రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఇది కేంద్ర చట్టం. కోదాడ దాటి రామాపురం క్రాస్ రోడ్డు మీదుగా ఆంధ్రలోకి పోయినా మారదు. 2020 అక్టోబర్ నుంచి దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చని నిబంధన ఇచ్చారు, అదీ డ్రైవర్ ధ్యాస చెదరకుండా. అంటే మ్యాప్ పెట్టుకుని హోల్డర్‌లో బిగించుకోవచ్చు. ఆ మ్యాప్ మీద తేలే వాట్సాప్ మెసేజ్ చదవడానికి మాత్రం కాదు.

చలాన్ అంటే మనవాళ్లకు పెద్ద లెక్క లేదు. ‘డిస్కౌంట్ ఇచ్చినప్పుడు కడదాం’ అని ఊరుకుంటారు. కానీ లైసెన్స్ సంగతి వేరు. ఫోన్‌లో మాట్లాడుతూ దొరికితే లైసెన్స్‌ను కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు ఏర్పాటు చేసిన రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. లారీ, క్యాబ్, ఆటో నడిపేవాడికి మూడు నెలలు లైసెన్స్ లేదంటే మూడు నెలలు పొయ్యి వెలగనట్టే.

ఎదుటి మనిషి చనిపోతే క్రిమినల్ కేసు. పాత ఐపీసీ 304ఎ కింద అత్యధిక శిక్ష రెండేళ్లు ఉండేది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106లో అది ఐదేళ్లు అయింది. ఫోన్ వాడలేదని చెప్పి తప్పించుకుందామంటే అంత తేలిక కాదు. కాల్ వివరాలు, డేటా వాడకం వివరాలు కంపెనీల దగ్గర సమయంతో సహా ఉంటాయి, కేసు నడిస్తే పోలీసులు తెప్పించుకోవచ్చు.

మన ఇళ్లలో పిల్లలకు దీనివల్ల ఇంకో దెబ్బ ఉంది. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్ట్‌కు అడ్డంకి వస్తుంది, కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. గల్ఫ్ వీసాకు అడిగే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దగ్గర కూడా ఇదే చిక్కు. ఏజెంట్‌కు కట్టిన డబ్బు, ఇంటర్వ్యూ, మెడికల్ అన్నీ అయ్యాక ఇక్కడ ఆగిపోవడం మామూలు కష్టం కాదు. అన్నట్టు, దుబాయ్‌లో ఫోన్ పట్టుకుని నడిపితే 800 దిర్హమ్‌ల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. అక్కడ డ్రైవర్‌గా పనిచేస్తూ పదేళ్లలో ఒక్కసారి కూడా స్టీరింగ్ ముందు ఫోన్ ముట్టనివాళ్లు ఉన్నారు. అదే మనిషి సెలవు మీద ఇంటికొచ్చి, సూర్యాపేట బైపాస్ ఎక్కగానే ఫోన్ చెవికి పెడతాడు. చెయ్యి అదే, ఫోన్ అదే, మారిందల్లా భయం.

ఇన్సూరెన్స్ వస్తుందిలే అనుకునేవాళ్ల కోసం

పరిహారం విషయంలో చాలామందికి ఉన్న ఊహ వేరు, నిజం వేరు. మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్ల కుటుంబానికి మన థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇస్తుంది. ఇన్సూరెన్స్ లేని బండి అయితే ఆ లక్షలన్నీ యజమాని కట్టాలి. పొలమో, ప్లాటో అమ్మాల్సిందే. ఇంతవరకు చాలామందికి తెలుసు.

తెలియనిది ఏమిటంటే, తప్పు నడిపినవాడిదే అయి, అతనే చనిపోతే ఏమవుతుందన్నది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తీర్పు ఇచ్చింది. కర్ణాటకలో అతివేగంగా కారు నడిపి చనిపోయిన ఒక వ్యక్తి కుటుంబం 80 లక్షల రూపాయలు అడిగింది. వేరే వాహనం ఏదీ కారణం కానప్పుడు, తన నిర్లక్ష్యం వల్లే తాను చనిపోయినవాడి వారసులు మోటారు వాహనాల చట్టం కింద పరిహారం అడగలేరన్న హైకోర్టు మాటనే సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసులో ఫోన్ లేదు. కానీ ఫోన్ చూస్తూ డివైడర్‌కు గుద్దుకున్నవాడి కుటుంబం కూడా అదే వరసలో నిలబడాల్సి వస్తుంది.

మిగిలేది బండి యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అది పాలసీలో తీసుకుని ఉంటేనే, చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉంటేనే వస్తుంది. పైగా ఆర్‌సీ ఎవరి పేరున ఉందో వాళ్లకే వర్తిస్తుంది. అబ్బా పేరున ఉన్న బండిని కొడుకు నడుపుతూ పోతే ఆ కవర్ కొడుకుకు రాదు. మన ఊళ్లలో ఎన్ని బండ్లు ఇలా ఒకరి పేరున ఉండి ఇంకొకరు నడుపుతున్నారో లెక్క చూసుకోండి. ఈ వ్యాసం చదివాక చేయాల్సిన మొదటి పని, ఇంట్లో ఉన్న పాలసీ కాగితం తీసి ఆ ఒక్క లైను వెతకడం.

ఫోన్ అవతల ఉన్నవాళ్లు

ఇంతసేపూ నడిపేవాడి గురించే మాట్లాడుకున్నాం. మెసేజ్‌కు రెండు కొసలు ఉంటాయి. రెండో కొస గురించి ఎవరూ మాట్లాడరు.

లోడు లారీ బయల్దేరిన గంటకే మిల్లు గుమస్తా ఫోన్ చేస్తాడు, ‘ఎక్కడిదాకా వచ్చినవ్?’ అని. ఎత్తకపోతే ఓనర్‌కు ఫిర్యాదు పోతుంది. పార్శిల్ తెచ్చే కుర్రాడికి కస్టమర్ వరుసగా నాలుగుసార్లు చేస్తాడు. స్కూల్ ఆటో డ్రైవర్‌కు పిల్లల తల్లులు పొద్దున్నే ‘రాలేదేం?’ అని మెసేజ్ పెడతారు. ఆటోలో తమ పిల్లలే ఉన్నారని, ఆ మెసేజ్ చదవడానికి ఆ డ్రైవర్ తల దించుతాడని ఆ క్షణంలో ఎవరికీ తట్టదు. శుక్రవారం పొద్దున్న ఇంకో వరద. ‘జుమా ముబారక్’ పువ్వుల బొమ్మలు గ్రూపుకొకటి చొప్పున వస్తూనే ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో టింగ్. మంచి మాటే, కాదనలేం. కానీ ఆ టింగ్ వినగానే జేబు వైపు చెయ్యి పోవడం మనకు అలవాటైపోయింది. మెసేజ్‌లో ఏముందో చదివేదాకా తెలియదు కదా, అది పువ్వుల బొమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదన్న కబురా అని. ఈ అనుమానమే చెయ్యిని లాగుతుంది. ఈ రాస్తున్నవాడికి కూడా ఒకసారి మునగాల దాటాక అలాగే లాగింది. తలెత్తేసరికి ముందు ఒక బర్రె నిలబడి ఉంది. దానికి తగలకుండా ఎలా ఆగానో ఇప్పటికీ చెప్పలేను. ఆ మెసేజ్ రీఛార్జ్ ఆఫర్.

అందుకే ‘మనసు గట్టి చేసుకో’ అని నడిపేవాడికి చెబితే సరిపోదు. టింగ్ రాకుండా చూసుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘డు నాట్ డిస్టర్బ్’ ఉంది. కొన్నింటిలో బండి కదిలితే తనంతట అదే ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో ‘డ్రైవింగ్ ఫోకస్’ పెడితే మెసేజ్‌లను ఆపి, పంపినవాళ్లకు డ్రైవింగ్‌లో ఉన్నానని జవాబు కూడా అదే ఇస్తుంది. వీటికంటే సులువైనది ఫోన్‌ను బైకు సీటు కింద, డిక్కీలో పెట్టేయడం. చేతికి అందకపోతే చెయ్యి పోదు. చూడక తప్పని పని ఉంటే హైవే అంచున కాదు, బంకులోనో, ధాబా దగ్గరో, టోల్ దాటాక పార్కింగ్ స్థలంలోనో ఆపి చూడాలి. రోడ్డు పక్కన ఆగి మెసేజ్ చదివేవాడు వెనక వచ్చే ఇంకో ఫోన్ మనిషికి దొరికిపోతాడు.

ఫోన్ చేసేవాళ్ల కోసం ఒక చిన్న మాట చాలు. ఎత్తగానే ముందు ‘బండి మీద ఉన్నావా?’ అని అడగడం. అవునంటే ‘ఆగినప్పుడు చెయ్’ అని పెట్టేయడం. మిల్లు వాళ్లు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు కూడా డ్రైవర్‌ను అడగకుండా లారీకి ఉన్న జీపీఎస్ చూసుకోవచ్చు. ఆ జీపీఎస్‌కు నెల నెలా డబ్బు కడుతూ కూడా డ్రైవర్‌కే ఫోన్ చేయడం ఏం తెలివో అర్థం కాదు.

ఇక మొదట్లో చెప్పుకున్న ఆ ‘ఎక్కడున్నావ్?’ సంగతి. దానికి వాట్సాప్‌లోనే మందు ఉంది. చాట్‌లో అటాచ్‌మెంట్ గుర్తు నొక్కి, లొకేషన్‌లోకి వెళ్లి, ‘లైవ్ లొకేషన్’ ఎంచుకుంటే 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు అడుగుతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్‌కైనా, మిర్యాలగూడ నుంచి గుంటూరుకైనా 8 గంటలు పెడితే చాలు. ఇంటి ముందు బండి స్టార్ట్ చేయక ముందే ఇది పంపేసి ఫోన్ లోపల పెట్టేయాలి. నెట్ ఆన్‌లో ఉంటే చాలు. అమ్మీకి ఆ మ్యాప్ ఎలా తెరవాలో ఒకసారి కూర్చుని చూపించండి. కొడుకు ఫోటో ఆ రోడ్డు మీద కదులుతూ కనిపిస్తుంది. నకిరేకల్ దాటిందని, చిట్యాల వచ్చిందని ఆమే చూసుకుంటుంది.